మా బావ కొన్న కెప్టెన్

మా బావ తాక్ గిబోమ్‌ని వొంజు ఊరి మార్కెట్ వీధిలో సగంమంది "మేనేజరు గారూ" అని పిలుస్తారు. ఏ కంపెనీకి మేనేజరని మాత్రం అడక్కండి. ఆయన ఉద్యోగం మంచినీళ్ల మిషన్లు అద్దెకిచ్చే ఆఫీసులో. ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు మార్చే ఆడవాళ్లకి వీధులు పంచిపెడుతుంటాడు. ఈ మేనేజరు బిరుదు వచ్చింది కంప్యూటర్లో ఆడే ఫుట్‌బాల్ ఆట వల్ల. ఆ ఆటలో బంతిని తన్నక్కర్లేదు, చెమట పట్టక్కర్లేదు. ఒక క్లబ్బుని చేతిలోకి తీసుకుని ఎవరిని ఆడించాలో, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలో, ఎవరిని కొనాలో, ఎవరిని అమ్మాలో చూసుకుంటే చాలు. కొనడం, అమ్మడం అన్న మాటలు చెవిన పడితే మా బావ మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతుంది. నిజం బంతిని ఆయన తన్నింది చిన్నప్పుడు బడిలోనేనట. అప్పుడు కూడా బంతి అక్కడే ఉండి, బూటు మాత్రం గోల్‌లోకి వెళ్లిందని మా అక్క చెబుతుంది.

నాది చికెన్ కొట్టు. ఆదివారం మధ్యాహ్నం బేరాలుండవు కాబట్టి లోపలున్న పెద్ద బల్ల చుట్టూ నలుగురు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. మా బావ, ఆయన చిన్ననాటి స్నేహితుడు ప్యో ఇన్సూ, కళ్లజోళ్ల కొట్టు దల్సు, లాండ్రీ నడిపే నమ్‌గుంగ్ అన్న. నలుగురికీ తలో క్లబ్బు. ఎవరూ ఎప్పుడూ చూడని ఇంగ్లండు ఊళ్ల పేర్లు, ఆ ఊళ్లలో ఆట తనంతట తాను పుట్టించిన ఆటగాళ్లు. అందరూ ఒకే లీగ్‌లో ఆడతారు, అందులోని మిగతా క్లబ్బుల్ని కంప్యూటరే నడుపుతుంది. ఆదివారానికి ఆటలో ఒక నెల గడుస్తుంది. నేను నూనె కాచేదాకా వాళ్లని లేపను. వాళ్లు బీరు ఒక్కటి తెప్పించుకుని ముల్లంగి ముక్కలు గిన్నెలకి గిన్నెలు ఖాళీ చేస్తారు. ముల్లంగి ఉచితం కదా మరి.

సీజన్ సగంలో, ఆట క్యాలెండర్‌లో జనవరి వచ్చినప్పుడు, ఆటగాళ్లని మార్చుకోవడానికి ఒక నెల గడువిస్తారు. మిగతా ముగ్గురూ ఆ నెలలో ఆచితూచి ఒకరినో ఇద్దరినో తెచ్చుకుంటారు. మా బావకి అది తిరునాళ్ల కింద లెక్క. జట్టు పైనుంటే ఇంకా పైకి వెళ్లాలని కొంటాడు, కిందుంటే పైకి రావాలని కొంటాడు, మధ్యలో ఉంటే తోచక కొంటాడు. వచ్చినవాడు ఊళ్లో దారి తెలుసుకునేలోపే వాణ్ని అమ్మేస్తాడు.

"మనుషుల్ని చూడకూడదు మరదలా, ధర చూడాలి," అని నాకు పాఠం చెప్పేవాడు. "ఇవాళ కొన్నోణ్ణి రేపు ఎంతకి అమ్మగలవు? అదీ ఆట."

"నీ పన్నెండేళ్ల పాత కారుకి కూడా ఇదే లెక్క వెయ్యి బావా. అక్క సంతోషిస్తుంది," అనేదాన్ని.

ఇన్సూ దీనికి పూర్తిగా విరుద్ధమైన మనిషి. సిటీ బస్సు నడుపుతాడు. పెళ్లాం విడిచి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది, తోబుట్టువులు లేరు. ఆటలో కూడా బస్సు నడిపినట్టే నడుపుతాడు, కుదుపు లేకుండా. అతని జట్టుకి విట్‌కమ్ అని ఒక కెప్టెన్ ఉండేవాడు, డిఫెండరు. పదహారేళ్ల కుర్రవాడిగా క్లబ్బులో చేరినప్పటినుంచీ పెంచాడు. కాలు విరిగి ఒక సీజనంతా మంచాన పడితే కాంట్రాక్టు పొడిగించి మరీ ఉంచుకున్నాడు. కంప్యూటర్లో ఉన్న బొమ్మకి అంత సేవేమిటని నాకూ నవ్వొచ్చేది. కానీ ఆ జట్టులో గొడవ అన్న మాట వినబడేది కాదు. విట్‌కమ్ ఉన్నంతవరకూ మిగతా ఆటగాళ్లు కుదురుగా ఉంటారనీ, ఆట వాళ్ల మనసుల్ని కూడా లెక్కగడుతుందనీ దల్సు చెప్పాడు.

చుసోక్ పండగ వెళ్లి చియాక్ కొండ మీద ఆకులు రాలుతున్న రోజుల్లో ఇన్సూకి కడుపులో ఉన్న పుండు క్యాన్సరని తేలింది. తొందరగానే పట్టుకున్నారట, కడుపులో కొంత భాగం తీసేస్తే సరిపోతుందన్నారు. ఆ ఆదివారం అతను బల్ల దగ్గర ఈ మాట చెప్పాడు. ముందు మాట్లాడింది మా బావే. అది నేను ఒప్పుకోవాలి.

"ఆస్పత్రికి నేను తీసుకెళ్తా. సంతకం కూడా నేనే పెడతా. ఇంకెవరున్నార్రా నీకు?"

ఇన్సూ కళ్లు చెమర్చాయి. తన ల్యాప్‌టాప్ మూసి మా బావ వైపు తోశాడు. "అయితే ఇది కూడా నువ్వే చూసుకో. మ్యాచ్‌లు నడిపించు చాలు. మనుషుల్ని మాత్రం కదపకురా."

"పిచ్చోడా, నీ జట్టు నా జట్టు కాదా?" అన్నాడు మా బావ.

ఆ మాట ఎంత నిజంగా అన్నాడో అప్పుడు మాకెవరికీ తెలీలేదు. అప్పటికి ఆటలో జనవరి మొదలై సగం గడిచింది.

ఆపరేషన్ రోజున నేనూ అక్కా ఫ్లాస్కులో జావ పోసుకుని ఆస్పత్రికి వెళ్లాం. ఇన్సూకి కాదు, అతనికి నీళ్లు కూడా ఇవ్వరు. పొద్దున్నించీ అక్కడే కూర్చున్న మా బావ ఏమైనా తిన్నాడో లేదోనని అక్క కలత. దారంతా "మనిషికి కోతలెక్కువే గానీ మనసు మంచిదే," అంటూ నడిచింది. ఆపరేషన్ గది బయట నడవలో మా బావ కనిపించాడు. వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. తొడల మీద ఒక ల్యాప్‌టాప్, పక్క కుర్చీలో ఇంకో ల్యాప్‌టాప్. ఒకటి ఆయనది, ఒకటి ఇన్సూది. పక్క కుర్చీ వైపు వంగి ఏదో నొక్కుతాడు, వెంటనే తన దాంట్లో చూసుకుంటాడు, పెదవి విరుస్తాడు, మళ్లీ పక్కకి వంగుతాడు. కుర్చీ దొరక్క ఒక ముసలావిడ గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నావు బావా?" అన్నాను.

"ష్. బేరం నడుస్తోంది."

"ఎవరితో?"

నేనే వంగి చూశాను. తెర మీద విట్‌కమ్ మొహం ఉంది. ఇన్సూ క్లబ్బు తరఫున అమ్మేవాడు మా బావ, తన క్లబ్బు తరఫున కొనేవాడూ మా బావ. అంత పెద్ద కెప్టెన్‌కి ఆయన కట్టిన ధర చూస్తే, నా కొట్టు వెనక తుప్పు పట్టి పడున్న ఫ్రిజ్‌కి అంతకన్నా ఎక్కువొస్తుంది. అప్పటికే ఇన్సూ జట్టులోంచి ఇంకో ఇద్దరిని లాగేశాడని తర్వాత తెలిసింది. తన కొట్టులో కూర్చుని ఆటలోకి వచ్చిన దల్సు ఆ వార్త తెరమీద చూసి, "అన్నా, ఇదేంటి?" అని ఫోన్ చేస్తే, "ఇన్సూకి చెప్పే చేస్తున్నా," అని అబద్ధం కూడా ఆడేశాడట.

అప్పుడే తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చింది. టోపీ తీస్తూ, "ప్యో ఇన్సూ గారి తరఫున ఎవరున్నారు?" అంది.

మా బావ తల ఎత్తలేదు. చూపుడు వేలు పైకెత్తాడు. "ఒక్క నిమిషం."

ఆవిడ తను విన్నది సరిగ్గానే విన్నానా అన్నట్టు చూసింది. నడవలో ఉన్నవాళ్లంతా ఇటే చూశారు. లోపల మనిషి కడుపు కోసి కుట్టి వచ్చిన డాక్టరు, బయట ఒక కంప్యూటరు బొమ్మ సంతకం పెట్టేదాకా నిలబడాలన్నమాట. మా అక్క ముందుకెళ్లి ఒక్క చేత్తో ఆయన తొడల మీది ల్యాప్‌టాప్ మూత ఠప్పున మూసింది.

"మేమే డాక్టరమ్మా. చెప్పండి, ఎలా ఉన్నాడు?"

ఆపరేషన్ బాగా జరిగిందట. అక్క రెండు చేతులూ కలిపి తల వంచింది. మా బావ కూడా లేచి నిలబడి గబగబా తల వంచాడు. డాక్టరు వెళ్లగానే మూత తెరిచి చూసుకుని, "అమ్మయ్య, ఖాయమైంది," అన్నాడు.

"ఏది ఖాయమైందయ్యా?" అని అడిగింది అక్క.

"ఇన్సూ ప్రాణమే," అన్నాడు, రెప్ప కూడా వాల్చకుండా.

అక్క ఫ్లాస్కు ఆయనకివ్వలేదు. గోడకి ఆనుకున్న ముసలావిడకి జావ పోసిచ్చింది.

సంగతి బయటపడగానే నమ్‌గుంగ్ అన్న లాండ్రీ మూసుకుని మరీ నా కొట్టుకొచ్చాడు. ఆయన అరవడు, అరిచే మనిషి కాదు. "ఇన్సూ వచ్చేదాకా ఆట ఆగుతుంది. అంతే," అన్నాడు.

"జనవరి ఇంకా మూడ్రోజులుందన్నా! మంచి ఊపు మీదున్నా," అన్నాడు మా బావ.

"నీ ఊపు చూశాం. కూర్చో."

"నేనేం తప్పు చేశా? రూల్ ఒప్పుకుంది కాబట్టే కదా కంప్యూటర్ ఒప్పుకుంది?"

"కంప్యూటరుకి ఇన్సూ ఎవరో తెలీదు కదా బావా. నీకూ తెలీదేమో మరి," అన్నాను. నా వైపు గుర్రుగా చూసి ముల్లంగి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

ఇన్సూ మళ్లీ బల్ల దగ్గరికొచ్చేసరికి చలి బాగా ముదిరింది. చొక్కా లోపల మనిషి ఉన్నాడా అన్నట్టున్నాడు. నేను అన్నాన్ని మెత్తగా ఉడికించి చిన్న గిన్నెలో పెట్టాను. ఒక్కో చెంచా నెమ్మదిగా తింటూ ల్యాప్‌టాప్ తెరిచాడు. దల్సు కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు. అప్పటికే అది మెరిసిపోతోంది. ఇన్సూ తెర పైనుంచి కిందకి చూశాడు, మళ్లీ కిందనుంచి పైకి చూశాడు.

"విట్‌కమ్ ఏడిరా?"

మా బావ గొంతు సవరించుకున్నాడు. "అదే చెబుదామనుకుంటున్నా. వాడే వెళ్తానన్నాడు. పెద్ద క్లబ్బులో ఆడాలని వాడికి ఎప్పట్నించో ఆశ. ఉండమని చాలా చెప్పి చూశా."

"ఎవరడిగారు వాణ్ని?"

"అదే... మా క్లబ్బు."

"అంటే నువ్వు."

"ఆ, నేనే అనుకో."

"అప్పుడు నా క్లబ్బు మేనేజరెవరు?"

మా బావ ముల్లంగి ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"నువ్వు నిన్నడిగావు. నువ్వు నీకు ఒప్పుకున్నావు," అన్నాడు ఇన్సూ. "మరి బేరమన్నా గట్టిగా ఆడావా? లేకపోతే మొహమాటపడ్డావా?"

దల్సు నవ్వు ఆపుకోలేక బీరు ముక్కులోంచి వదిలాడు. నమ్‌గుంగ్ అన్న కూడా నవ్వాడు. నేను పొయ్యి దగ్గర్నుంచి పకపకా నవ్వాను. ఇన్సూ మాత్రం నవ్వలేదు. కంప్యూటర్లో దాచిన పాత ఆట తెరిచి ఆపరేషన్ ముందు రోజునుంచి మళ్లీ ఆడదామని దల్సు అన్నాడు. వద్దన్నాడు ఇన్సూ. "జరిగిపోయింది కదా. గడువు ఎంతుంది?"

"మూడ్రోజులు," అన్నాడు నమ్‌గుంగ్ అన్న.

ఆ మధ్యాహ్నమంతా ఇన్సూ తెర ముందే కూర్చుని పని చేసుకున్నాడు. చేతిలో డబ్బు లేదు, కొనడం కుదరదు. పెద్ద క్లబ్బుల్లో బెంచీ మీద మగ్గుతున్న కుర్రాళ్లని ఇద్దరిని సీజను చివరిదాకా అరువుకి తెచ్చుకున్నాడు. ఏ క్లబ్బూ లేక ఇంట్లో కూర్చున్న ఒక ముసలి డిఫెండర్ని వెతికి పట్టాడు. పరిగెత్తలేడు గానీ నోరున్నవాడు, కుర్రాళ్లకి చెప్పి ఆడించగలడు. తర్వాత జట్టులో మిగిలినవాళ్లని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాడు. అలా మాట్లాడే వీలు కూడా ఆటలో ఉందని మా బావకి ఇన్నేళ్లలో తెలిసినట్టు లేదు. వంగి చూసి, "ఇవన్నీ ఎందుకురా, టైం దండగ," అన్నాడు.

"కెప్టెన్ ఎందుకెళ్లిపోయాడని అడుగుతున్నార్రా. ఏం చెప్పమంటావ్?" అన్నాడు ఇన్సూ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

గడువు ముగిసింది, ఆట ముందుకెళ్లింది. మా బావ అప్పటికి లీగ్‌లో అందరికన్నా పైనున్నాడు. ఇక లీగుకి విడిగా నడిచే కప్పూ తనదే, లీగూ తనదేనని నాకు ముందే ఒక కోడి ఆర్డరిచ్చాడు, గెలిచాక డబ్బిస్తాడట. నేను వండలేదు. ఆయన జట్టుకి అప్పటికే ఒక కెప్టెనున్నాడు. విట్‌కమ్ రాగానే వాడు బెంచీ మీదకెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోలేదు, తనతోపాటు మరో నలుగుర్ని అలకపాన్పు ఎక్కించాడు. కొత్తగా వచ్చినవాళ్లకి జట్టు ఆడే తీరు తెలీదు, ఒకరు ఎడమకి పోతే ఇంకొకరూ ఎడమకే పోతారు. ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత మా బావ గోల ఒకటే.

"వీళ్లకి జీతాలిస్తున్నది నేను! నేను!"

"నీ జీతం మా అక్కకిచ్చి చాలా రోజులైందట, అది చూసుకో ముందు," అనేదాన్ని.

అసలు దెబ్బ కప్పు సెమీఫైనల్‌లో పడింది. ఎదుటి జట్టు దల్సుది. మా బావ చేతులు నులుముకుంటూ జట్టు పేర్లు పెడుతున్నాడు. విట్‌కమ్ పేరు నొక్కితే ఎక్కడం లేదు. మళ్లీ నొక్కాడు. ఇన్సూ దగ్గర్నుంచి లాక్కొచ్చిన మిగతా ఇద్దరి పేర్లూ అంతే. ల్యాప్‌టాప్‌ని చెంప మీద కొట్టినట్టు కొట్టాడు.

"పాడైంది ఇది!"

నమ్‌గుంగ్ అన్న వంగి చూశాడు. "పాడవలేదు. ఈ సీజన్లో వాళ్లు ఇన్సూ తరఫున కప్పు మ్యాచ్ ఆడారు. ఒకే సీజన్లో రెండు క్లబ్బుల తరఫున కప్పు ఆడకూడదు. కొనేముందు చూసుకోవాల్సింది."

"ఇదేం దిక్కుమాలిన రూలు? ఎవడు పెట్టాడు?"

"కంప్యూటర్ ఒప్పుకోలేదన్నా," అన్నాడు దల్సు చాలా మర్యాదగా.

ఆ మ్యాచ్ దల్సు గెలిచాడు. తర్వాత కప్పూ గెలిచాడు, లీగూ గెలిచాడు. ఆ జనవరిలో దల్సు ఒక్కణ్ణి కూడా కొనలేదు, అమ్మలేదు. తెలివితో కాదు, బొత్తాం నొక్కాలంటే భయం. గెలిచాక కూడా ఏదో పొరపాటు జరిగిందేమో అన్నట్టు మా అందరి మొహాలూ చూశాడు. మా బావ ఐదో చోట తేలాడు. ఇన్సూ ముసలి డిఫెండర్ని అరిపించి, అరువు కుర్రాళ్లని పరిగెత్తించి కింది లీగ్‌లోకి జారిపోకుండా గట్టెక్కాడు. ఆ రోజు అతను మొదటిసారి ఒక చికెన్ ముక్క తిన్నాడు. చిన్నదే. నమిలి నమిలి తిన్నాడు.

మా బావకి నిజంగా తగిలిన మాట మాత్రం ఆటలోది కాదు. సీజన్ ముగిసిన ఆదివారం ల్యాప్‌టాప్‌లు సర్దుకుంటుంటే ఇన్సూ, "వచ్చే బుధవారం పెద్ద పరీక్షలున్నాయి. మత్తిస్తారు, తోడు మనిషి కావాలన్నారు," అన్నాడు.

మా బావ కోటు తొడుక్కుంటూ, "ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు.

"నమ్‌గుంగ్ అన్ననడిగాను రా. వస్తానన్నాడు."

మా బావ చెయ్యి కోటు చేతిలోనే ఆగిపోయింది. "నేనున్నాను కదా."

"నీకు పనుంటుందేమోనని," అన్నాడు ఇన్సూ. ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది, మా బావకి దెబ్బలాడటం వచ్చు. దీనికేం చెయ్యాలో ఆయనకి తెలీలేదు. కోటు సగం తొడుక్కునే మళ్లీ కూర్చున్నాడు, ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఒరేయ్, విట్‌కమ్‌ని తీసేసుకో. డబ్బులొద్దు. ఉత్తినే ఇచ్చేస్తా. ఇప్పుడే."

ఇన్సూ మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు. "వాడి వయసైపోయిందిరా. ఇప్పుడు నేనేం చేసుకోను? నీ దగ్గరే ఉంచుకో, బాగా చూసుకో." తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. మా బావ చాలాసేపు తెర ముందు కూర్చున్నాడు. నేను బల్ల తుడుస్తుంటే మోచేతులు ఎత్తమన్నా ఎత్తలేదు. ఆ ఒక్కపూట ఏమీ అనకుండా ఆ చుట్టుపక్కల తుడిచి ఊరుకున్నాను. జాలి అనుకుంటారేమో. కాదు, ఏడుస్తాడేమోనని భయం. ఏడిస్తే ఓదార్చాల్సొస్తుంది.

ఇన్సూ పరీక్షలన్నీ బాగా వచ్చాయి, మళ్లీ బస్సు ఎక్కాడు. మా బావని దారిలో చూస్తే హారన్ కొట్టి పలకరిస్తాడు కూడా. ఆట మళ్లీ మొదలైంది. మా బావ మారాడా అని అడుగుతారేమో. సీజన్ మొదలైన మూడో వారానికే విట్‌కమ్‌ని సౌదీ క్లబ్బు దేనికో అమ్మేసి, "సరైన ధరకి వదిలించుకున్నా," అని బల్ల గుద్దాడు. మధ్య గడువు వచ్చేసరికి సగం జట్టు కొత్తది. ఇప్పుడు పదకొండో చోట ఉన్నాడు.

పోయిన వారం దల్సు మేనకోడలి పెళ్లని పూసాన్ ప్రయాణమయ్యాడు. మా బావ ఎంతో ఆప్యాయంగా, "ల్యాప్‌టాప్ ఇక్కడ పెట్టి వెళ్లు తమ్ముడూ, నీ జట్టు నేను చూసుకుంటా," అన్నాడు. దల్సు ల్యాప్‌టాప్‌ని పెళ్లి బట్టల మధ్య పెట్టి పెట్టె మూశాడు.

అతను వెళ్లాక మా బావ నా వైపు తిరిగాడు. "చూశావా మరదలా, ఈ రోజుల్లో మనుషుల మధ్య నమ్మకమన్నదే లేకుండా పోయింది."

పొయ్యి మీద నూనె మాడుతోందని చెప్పి నేను లోపలికెళ్లిపోయాను. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.